రాతి మీది కుచ్చిళ్లు

ఏడో తరగతిలో నేను వదిలేసిన బడికే మగ్గం దిగి మళ్లీ వెళ్లాను. మా బిడ్డ తరగతికి ప్రాచీన చరిత్ర చెప్పే సారు, నేసిన బట్టలు పట్టుకుని రమ్మన్నారు. "బాపూ, ఆడ జోకులెయ్యకు, నా ఇజ్జత్ పోతది" అని బిడ్డ ముందే బెదిరించింది.

సారు పుస్తకంలోని పాఠం చదివించి, తెర మీద నందికొండలో దొరికిన, వందల ఏళ్ల నాటి మగమనిషి శిల్పం ఫొటో వేశారు. "గీయన ఎవరనుకుంటున్నరు?" అని నన్నడిగారు.

"మొకం జూడలే సారూ, కుచ్చిళ్లు లెక్కవెడుతున్న."

పిల్లలు గొల్లుమన్నారు. బిడ్డ తల దించుకుంది.

"నవ్వుండ్రి గని, జర గిటు చూడుండ్రి" అంటూ భుజం మీది ముతక తువ్వాలకు కుచ్చిళ్లు పెట్టాను. అవి బిర్రుగా నిలబడ్డాయి. సంచిలోని సన్న నూలు పంచెకు పెడితే అచ్చం శిల్పంలో లాగే జారాయి.

"సన్న నూలు అప్పుడే ఉన్నది. చూడనోడు గిట్ల చెక్కలేడు."

"పాఠంలో ఈ ముచ్చట లేదే!" అన్నారు సారు.

"రాసినాయన మగ్గం మీద కూసోలేదేమో సారూ."

ఈసారి ముందుగా నవ్వింది మా బిడ్డే. ఇంటికొచ్చాక దాని నోటుబుక్కు చూశాను. 'ఆధారాలు' అన్న మాట కింద రాసుకుంది: పాఠం, శిల్పం, మా బాపు పంచె.