కట్ చేసిన చప్పుడులో వదినె పాట

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భయం అసలే లేదు. నా పనే అలాంటిది మరి. పెర్కిట్‌లో మా ఇంటి వెనక గదిలో ఒక కంప్యూటరు, ఒక మైకు, గోడలకు పాత బొంతలు కట్టుకుని పాటలు రికార్డు చేస్తాను. చానళ్ల వాళ్ల జానపద పాటలు, పెళ్లి వీడియోల ఆడియో, ఏది వస్తే అది. ఏ చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకుని దాన్ని తీసెయ్యడమే నా బతుకుదెరువు.

ఒకసారి ఆలూర్ నుంచి ఒకాయన వచ్చాడు. కూతురి పెళ్లి వీడియోలో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని, శాంతి చేయించాలేమోనని మనిషి సగమైపోయాడు. విని చూస్తే ఫంక్షన్ హాలు కూలరు! ఈక్వలైజర్‌లో ఆ చప్పుడు ఉన్నచోట గీతను కిందికి గుంజాను, ఏడుపు పోయింది. ఆయన నాకు దండం పెట్టి మరీ వెళ్లాడు. నన్ను ఏ మంత్రగత్తె అనుకున్నాడో ఏమో.

అలాంటి నేను ఇవాళ కూర్చుని ఇది రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నేనూ నవ్వుతూనే రాస్తున్నాను.

మా ఆయన మల్లేష్‌కు పసుపు పాలిష్ డ్రమ్ము ఉంది. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములను పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి ట్రాక్టరుతో తిప్పితే పొట్టంతా రాలి కొమ్ము నిగనిగలాడుతుంది. సీజన్ మొదలైందంటే మా వాకిట్లో తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా ఘుర్రు ఘుర్రు. ఇంటినిండా పచ్చటి దుమ్ము. నా కీబోర్డు, చాయ్ గ్లాసులు, మా అత్త చీరలు అన్నీ పసుపే. మొగుడిదేమో చప్పుడు చేసే పని, పెళ్లానిదేమో చప్పుడు తీసేసే పని. మా సంసారం ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి.

అందుకే నాకు లో కట్ ఫిల్టర్ అంటే ప్రాణం. మనం ఒక గీత పెడితే, దాని కింద ఉండే డ్రమ్ము, లారీ, ట్రాక్టరు లాంటి బరువు చప్పుళ్లను తీసేసి పైనున్న గొంతును ఉంచుతుంది. ఆడవాళ్ల గొంతు మామూలుగా పాడితే నూట యాభై హెర్ట్జ్ కిందికి దిగడం అరుదు. నూరు దగ్గర కట్ పెట్టానంటే డ్రమ్ము చాలావరకు పోతుంది, గొంతుకు దెబ్బ తగలదు. ఆ సెట్టింగుకు ‘పసుపు కట్’ అని పేరు పెట్టి సేవ్ చేసుకున్నాను. సీజన్‌లో ఏ రికార్డింగ్ అయినా ముందు అదే వేస్తాను.

మొన్నటి సీజన్‌లో మా ఆడబిడ్డ మౌనికకు పెళ్లి కుదిరింది. మా అత్త గంగవ్వకు ఆఖరి బిడ్డ. అత్త ఒకటే పట్టు పట్టింది. పసుపు దంచే రోజున తన పుట్టింటి పాట పాడాల్సిందే, డీజే పెడితే ఊరుకునేది లేదు. పెళ్లికి ముందు ఆడవాళ్లంతా చేరి రోట్లో పసుపు కొమ్ములు దంచుతూ పాడుకోవడం మా దగ్గర ఉన్నదే. కాని అత్త చెప్పే పాట ఈ చుట్టుపక్కల ఎవరికీ రాదు.

“గా పాట లేకుంట నా బిడ్డకు పసుపు పెట్టనియ్య,” అని తేల్చి చెప్పేసింది. తన పుట్టింటి పెళ్లిళ్లన్నిట్లోనూ పాడింది కాబట్టి, సొంత బిడ్డ పెళ్లికే లోటు జరిగితే ఆమె మనసు ఎట్లా విరిగిపోతుందో నాకు తెలుసు. సరే, రికార్డు చేసి పెడితే మిగతా ఆడవాళ్లు విని నేర్చుకుంటారు కదా అని ఒక పొద్దున ఆమెను మైకు ముందు కూర్చోబెట్టాను. డ్రమ్ము కాసేపు ఆపమని మా ఆయనను బతిమాలాను. “రైతులు లైన్ల ఉన్నరు. నీ పాట కోసం బంద్ పెట్టాల్నా?” అన్నాడు. తలుపులు మూసి రికార్డింగ్ మొదలుపెట్టాను.

అత్త ఒక వరుస పాడింది. ఆగింది. నేను హెడ్‌ఫోన్స్‌లో డ్రమ్ము వింటూ కూర్చున్నాను. ఎంతకో ఇంకో వరుస. మళ్లీ ఆగింది. పాపం, మర్చిపోయింది కాబోలు అనుకున్నాను.

“యాదికొస్తలేదా అత్తా?”

“నాదంత మంచిగనే వస్తున్నది. మిగిలింది నాది గాదు,” అని కస్సుమంది.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆ పాట సగం ఆడబిడ్డది, సగం వదినెది. ఆడబిడ్డ అడుగుతుంది, వదినె జవాబు చెబుతుంది. ఒకరి సగం ఇంకొకరు నోట పలకకూడదు. వదినె తన సగంలో, ఆడబిడ్డ చిన్నప్పుడు చేసిన వేషాలన్నీ తవ్వి తీసి ఎక్కిరించాలి. అందుకే ఏ జోడీ పాట ఆ జోడీదే. అత్తకు జోడీ భీమ్‌గల్ దగ్గర ఆమె పుట్టింట్లో ఉన్న వదినె, నర్సవ్వ.

మరి నర్సవ్వను పిలుద్దాం అంటే అత్త మొహం అటు తిప్పుకుంది. ఇద్దరికీ మాటల్లేవు. నర్సవ్వ బిడ్డ పెళ్లిలో వీళ్లిద్దరూ రోలు దగ్గర పాట ఎత్తుకుంటే, మధ్యలో ఎవరో డీజే పెట్టారట. నర్సవ్వ పాట ఆపి నవ్విందట. అంతే, అత్త రోకలి అక్కడే పెట్టి, అన్నం కూడా తినకుండా బస్సెక్కి వచ్చేసింది. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందు సంగతి ఇది. నా పెళ్లికి కూడా నర్సవ్వను పిలవలేదు. ఆమె మొహం నేను చూడలేదు, గొంతు ఎన్నడూ వినలేదు.

మధ్యాహ్నం అన్నం తిని ఎడిటింగ్‌కు కూర్చున్నాను. అత్త ఆగిన ఖాళీలన్నీ కత్తిరిద్దామనే అనుకున్నాను. చప్పుడు లేని చోటు కనిపిస్తే మా చెయ్యి ఊరుకోదు. ముందు ఫిల్టర్ సంగతి చూద్దామని పసుపు కట్ వేశాను. అత్త గొంతు కడిగినట్టు వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో బటన్ ఉంటుంది. అది నొక్కితే ఫిల్టర్ తీసేసిన చప్పుడును మాత్రమే వినిపిస్తుంది. అన్నం వంచినప్పుడు గంజిలో మెతుకులు పోయాయేమో చూసుకుంటాం కదా, అట్లా నేనొకసారి చూసుకుంటాను. ఆ బటన్ నొక్కాను.

అత్త పాడిన చోట వట్టి డ్రమ్ము. అత్త ఆగిన చోట ఎవరో పాడుతున్నారు.

ముందు అత్త వరుస, రోకటి పోటు వేసిందెవరని అడిగేది: “పచ్చాని కొమ్ముల పోటెవ్వరేసిరే, వదినె, పోటెవ్వరేసిరే?” ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో డ్రమ్ము ఘుర్రుమంటుండగా లేత గొంతు ఒకటి, “పోటెయ్యమంటేను పారిపోతివే, బుడ్డ గంగూ, గంప కింద పంటివే!” అని పాడి, చివర్న ఆపుకోలేక కిసుక్కున నవ్వింది.

భయం వేసిందా అంటే, లేదు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు అట్లాంటిది, పక్కనున్న వాళ్లకు అంటుకునేది. తర్వాత బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ప్రాజెక్టులో ఇంకో ట్రాకు లేదు. ఇంటర్నెట్ తీసేశాను. ఫోను వంటింట్లో ఉంది. హెడ్‌ఫోన్స్ వైరువి. మౌనిక నిజామాబాద్ వెళ్లింది, ఇంట్లో ఇంకో ఆడగొంతే లేదు. గీతను నూరు నుంచి ఎనభైకి, అక్కడి నుంచి అరవైకి దించాను. అయినా మాట మాటలాగే వినిపిస్తోంది.

ఇది జరిగే పని కాదండీ. అంత కింద ఎవరి మాటా అర్థం కాదు. క, ప, స అని అక్షరాలు విడిగా తెలిసేది పైన ఎక్కడో వేల హెర్ట్జ్‌లలో. కింద మిగిలేది ఉత్త ఘుర్రే. కాని నాకు ‘గంప’ అన్నప్పుడు పెదవులు కలిసిన చప్పుడు కూడా వినిపించింది. తెర మీద గ్రాఫు చూస్తే, ఆ పై చప్పుళ్లు కనిపించాల్సిన భాగం అంతా చదునుగా పడి ఉంది.

మా ఆయనను పిలిచి చెవులకు పెట్టాను. తల వంచి శ్రద్ధగా విన్నాడు. “మన డ్రమ్మే. బేరింగు గ్రీజు అడుగుతున్నది,” అని చెప్పి, గ్రీజు డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

ఇక లాభం లేదని వాకిట్లో మక్కలు ఒలుస్తున్న అత్త దగ్గరికి పోయాను. “అత్తా, బుడ్డ గంగు ఎవరు? గంప కింద పండుకున్నదెవరు?” అని అడిగాను.

అత్త చేతిలో కంకి జారి పడింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. చిన్నప్పుడు దంచే పని తప్పించుకోవడానికి వడ్ల గంప బోర్లించుకుని దాని కింద నిద్రపోయిందట, ఊరంతా బావులు వెతికారట. ఆ పేరు గాని, ఆ గంప ముచ్చట గాని ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. కొడుక్కే తెలియదు. అది చెప్పి, వెంటనే కళ్లెర్రజేసింది.

“నువ్వు నా ఎనకంగ నర్సవ్వకు ఫోన్ చేసినవ్ గదా?”

ఒట్టు అన్నాను, ఎన్ని దేవుళ్లు గుర్తొస్తే అన్ని దేవుళ్ల మీద. గదిలోకి తీసుకుపోయి హెడ్‌ఫోన్స్ పెట్టాను. ఆమెకూ డ్రమ్మే వినిపించింది. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

“ఫోన్ కలుపు. నా ముంగటనే అడుగుత దాన్ని.”

మా ఆయన దగ్గర నర్సవ్వ కొడుకు నంబరు ఉంది. కలిపి స్పీకరు పెట్టాను. అటు నుంచి బొంగురు గొంతు.

“ఎవలు?”

“నేను,” అంది అత్త.

అటు నర్సవ్వ అందుకుంది. “నేనంటె ఎవలు? నాకెర్కైన ‘నేను’ ఒక్కతుండె. అన్నం తినకుంట పోయింది, మళ్ల రాలె.”

“గవన్ని వద్దు. నా కోడలికి గంప ముచ్చట ఎందుకు చెప్పినవ్?”

“నీ కోడలెవ్వతో నాకేమెర్కనే? పెండ్లికి పిలిచినవా నన్ను?”

నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అటు నర్సవ్వ గొంతు కొంచెం మెత్తబడింది. మౌనికకు సంబంధం కుదిరిందని ఎవరో చెప్పారట. పొద్దున పసుపు ఆరబోస్తూ ఆ పాటే పాడుకుందట.

“నువ్వెట్ల గూడ పిలువవు. ఇంట్లనే కూసొని నా సగం నేను పాడుకున్న,” అంది.

“ఎవలు చెప్పిన్రు పిలువనని?”

“మరి పిలిచినవా?”

“పిలుస్తున్న గద!” అని అత్త ఎంత గట్టిగా అరిచిందంటే, వాకిట్లో డ్రమ్ము దగ్గరున్న రైతులు తొంగిచూశారు. అరిచి, కళ్లు తుడుచుకుని, ఫోను నా ఒళ్లో పడేసి పోయింది. ఆ రోజంతా ఆమె కాళ్లు నేల మీద లేవు.

పసుపు దంచే రోజున నర్సవ్వ భీమ్‌గల్ బస్సు దిగి ఆటోలో వచ్చింది. అత్త ఎదురుపోయి సంచి గుంజుకుంది. “ముందుగాల నువ్వు తిను, నేను చూస్త. అప్పుడు దంచుదాం,” అని నర్సవ్వ అత్తను కూర్చోబెట్టి, చేత్తో కలిపి మరీ తినిపించింది. మా ఆయన ఎవరూ అడక్కుండానే డ్రమ్ము ఆపేశాడు. సీజన్‌లో!

ఇద్దరూ చెరో రోకలి పట్టి పాట ఎత్తుకున్నారు. అత్త అడగడం, నర్సవ్వ ఎక్కిరించడం, గంప, బావులు, ఇంకా నేను ఇక్కడ రాయలేనివి ఎన్నో. ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. నేను రికార్డు పెట్టి పక్కనే నిలబడ్డాను. ఒక్కటే నాకు తేడా కొట్టింది. నర్సవ్వది బొంగురు గొంతు. నేను విన్నది లేత గొంతు. వరుస కూడా కాస్త వేరు, నేను విన్న దాంట్లో మధ్యలో గొంతు గిర్రున పైకి లేస్తుంది.

వాళ్లది అయిపోయాక నర్సవ్వ రోకలి నా చేతికిచ్చింది. “మౌనికకు వదినెవు నువ్వే గద. రా, నేర్పుత,” అంది. మౌనిక అప్పటికే తల్లి దగ్గర తన సగం నేర్చుకుని సిద్ధంగా ఉంది. పోటెవ్వరేసిరే అని అడిగింది. నర్సవ్వ నేర్పేదాకా నేను ఆగలేదు. నోట్లోకి అదే వచ్చేసింది. పోటెయ్యమంటేను పారిపోతివే, మౌనమ్మా, బియ్యం డబ్బాల ఫోను దాస్తివే! గొంతు గిర్రున పైకి లేచింది. చివర్న కిసుక్కున నవ్వాను, ఎందుకో తెలియదు.

అందరూ నవ్వుతున్నారు, నర్సవ్వ తప్ప.

“గిది నేను పాడే తీరు గాదు,” అంది మెల్లగా.

“నీదే,” అంది అత్త. “నువ్వు మా ఇంటికి కొత్త కోడలుగ వచ్చినప్పుడు గిట్లనే పాడేదానివి. గిట్లనే నవ్వేదానివి. మా అమ్మ కోపం చేస్తె మానుకున్నవ్.”

నర్సవ్వ చాలాసేపు ఆలోచించింది. ఎంత ఆలోచించినా తనకు యాదికి రాలేదంది.

ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇప్పుడు ఏ బటన్ నొక్కినా డ్రమ్మే వినిపిస్తుంది. హైదరాబాద్‌లో సౌండ్ ఇంజినీరుగా ఉన్న నా స్నేహితురాలికి పంపించాను. ఒకే తీరు చప్పుడు చాలాసేపు వింటే మెదడు దాంట్లో మాటలు కల్పించుకుంటుందని చెప్పింది. అది నాకూ తెలుసు, ఒప్పుకుంటాను. కాని నా మెదడుకు ఆ గంప సంగతి ఎట్లా తెలుసు?

పసుపు దంచిన రోజు సాయంత్రం మౌనిక అత్తగారి తరఫు వాళ్లు వచ్చి, పాట మళ్లీ పాడించుకుని విని, ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా అని నన్ను అడిగారు. ఏం చెప్పాలో తెలియక దిక్కులు చూశాను. నర్సవ్వ పసుపు చేతులతోనే నా గదవ పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

“నేనే నేర్పిన అని చెప్పు బిడ్డా,” అంది. “నాకు యాది లేదు గాని, నేర్పే ఉంట.”

ఎవరడిగినా ఇప్పుడు అట్లాగే చెబుతున్నాను. నిజం ఏమిటో మాత్రం నాకు తెలియదు.