పరగడుపున ఇచ్చిన నెత్తురు

యూనివర్సిటీ ప్రాంగణంలో రక్తదానం పెట్టినప్పుడల్లా నేను వెళతాను. ఇవ్వడానికి కాదు, ఇచ్చే వయసు ఎప్పుడో దాటిపోయింది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతివాళ్ళనూ "అన్నం తిన్నావా?" అని అడుగుతాను. ముసలాయన చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. లోపలినుంచి స్పిరిట్‌లో తడిపిన దూది వాసన తగలగానే నాకు ఖాసిం మాస్టారు గుర్తొస్తారు.

అరవైల మొదట్లో గుంటూరు కాలేజీలో ఆయన మాకు జువాలజీ చెప్పేవారు. అద్దంకి మనిషి. ఇస్త్రీ ఎరగని తెల్లచొక్కా, మెత్తని గొంతు. కప్పను కోసేముందు "పాపం, దీనికీ ఒక ఇల్లుండేది" అనేవారు, వెనక బెంచీల్లో మేం కిసుక్కుమనేవాళ్ళం. ఆ రోజుల్లో నెత్తురివ్వడమంటే ఆయుష్షు ఇచ్చెయ్యడమేనని మావైపు భయం. కట్టుకున్నవాళ్ళే వెనకాడేవారు. మాస్టారు ఆసుపత్రివాళ్ళను బతిమాలి మా లేబరేటరీలోనే రక్తదానం ఏర్పాటు చేశారు. ముందురోజు మా వేళ్ళు పొడిచి గ్రూపులు చూశారు. ఆసుపత్రిలో ఒక బాలింత ఉంది, మిరపకాయల కూలికి వెళ్ళే మనిషి. కాన్పులో నెత్తురంతా పోయింది. ఆపరేషన్ చెయ్యాలంటే ముందు ఎక్కించాలి. తరగతి మొత్తంలో ఆమెకు సరిపడింది నా ఒక్కడిదే. నెత్తురు తీసే డాక్టరు మర్నాడుగానీ రాడు.

"పొద్దున్నే వచ్చెయ్యవయ్యా. నీకోసం చూస్తుంటాను" అన్నారు మాస్టారు.

మా ఊరు చిలకలూరిపేట దగ్గర. సంగతి చెప్పగానే అమ్మ కుంకుడుకాయలు కొట్టింది. "దానమంటే మాటలా? తలంటుకుని పరగడుపున ఇయ్యాలిరా. తిని ఇస్తే పుణ్యం దక్కుద్దా?" అంది. ఏ దానమైనా మా ఇంట్లో అంతే. గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా, కిక్కిరిసిన బస్సులో గుంటూరుదాకా నిలబడి వెళ్ళాను. చాలా గొప్పగా ఉంది నాకు.

సీసా సగం నిండిందో లేదో కళ్ళు బైర్లు కమ్మాయి. బల్ల మీదనుంచి జారిపడ్డాను, సూది ఊడిపోయింది. నేలమీద నెత్తురు చూసి, వరండాలో వరసకట్టిన స్నేహితులంతా ఒక్కసారిగా మాయమయ్యారు. ఆ సగం సీసానే పట్టుకుని మాస్టారు ఆసుపత్రికి పరుగెత్తారట.

తెలివి వచ్చేసరికి, మోకాళ్ళ పైకి పంచె కట్టుకున్న ఒకతను పక్కన కూర్చుని క్యారేజీలోంచి చారన్నం ముద్దలు కలిపి నా నోటికి అందిస్తున్నాడు. "తిను బాబూ. మా ఆడమనిషికని తెచ్చా. డాక్టరు ఏం పెట్టొద్దన్నాడు. నెత్తురు ఇక్కడ తీస్తున్నారంటే వచ్చా. మాకోసం నెత్తురిచ్చి నువ్వు పడిపోయావే!" అన్నాడు. ఆకలి మీద ఉన్నాను. తిన్నాను. అతను చెయ్యి కడుక్కుని, ఖాళీ క్యారేజీతో ఆసుపత్రికి వెళ్ళాడు.

మధ్యాహ్నం మాస్టారు తిరిగొచ్చి నా ఎదురుగా కూలబడ్డారు. "పోయిందయ్యా" అన్నారు.

"నేను తిని వచ్చుంటే బతికేదా మాస్టారూ?"

ఇంకెవరైనా అయితే నీ తప్పేం లేదని వీపు నిమిరేవారు. ఆయన అలా అనలేదు. "బతికేదేమో. తిని రమ్మని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఇది మనిద్దరిదీ. నువ్వొక్కడివే మోయకు. మూణ్ణెల్లాగి మళ్ళీ రా, తిని రా" అన్నారు. ఆ మాటకు ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది. అబద్ధం చెప్పి ఉంటే నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కేవాణ్ణి కాదని చాలా ఏళ్ళకు అర్థమైంది. తర్వాత ఎప్పుడు రక్తదానం పెట్టినా, ముందురోజు ఆయనే తరగతి తరగతికీ తిరిగి "అన్నం తిని రండి" అని చెప్పేవారు. పోయేదాకా చెప్పారు. అమ్మకు మాత్రం నేను ఆమె బతికిందనే చెప్పాను. తన కొడుకు ఒక ప్రాణం నిలబెట్టాడని ఆవిడ చివరిదాకా ఇరుగుపొరుగుకు చెప్పుకుంది.

ఈ ఉదయం ఒక అమ్మాయి "శనివారం కదండీ, ఉపవాసం" అంది. వెనక్కి పంపాను. ముఖం ముడుచుకుని, చెట్టు కింద కూర్చుని డబ్బా విప్పింది. ఆ పిల్ల తినడం పూర్తయ్యేదాకా చూస్తూనే ఉన్నాను. ఆనాడు నాకు ముద్దలు పెట్టిన మనిషి పేరు నేను అడగలేదు. ఆమె పేరూ అడగలేదు. ఆమెకని తెచ్చిన అన్నం మాత్రం మెతుకు మిగల్చకుండా తిన్నాను.