పరామర్శల పుండు

స్ఫాక్స్ అనే ఊళ్ళో ఆలివ్ గానుగ ఆడించే తిజానీకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ ఉన్న నర్సులు ఏ మూలకీ చాలరు. మంచం పక్కన ఇంటివాళ్ళు ఒకరు ఉండాల్సిందే. భార్య మబ్రూకా కింద చాప పరుచుకుంది.

చేరిన రోజే నర్సు వహీదా చెప్పింది.

"పిన్నీ, బాబాయికి ఆ పక్క స్పర్శ లేదు. నొప్పి తెలియదు, కదలలేడు. తిండి దిగడం లేదు, పక్కబట్టలు తడుస్తున్నాయి. ఇలాంటివాళ్ళకే నడుం కింద పుండు పడుతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పు. మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టు. తలవైపు మరీ ఎత్తకు. ఒళ్ళు జారితే లోపల కండ చీలుతుంది. ఎర్రబడితే వేలితో నొక్కి చూడు, తెల్లబడకపోతే నన్ను పిలువు. రుద్దకు మాత్రం."

మబ్రూకా అలాగే చేసింది, మధ్యాహ్నం మూడింటికి చూడవచ్చేవాళ్ళ కోసం గేటు తెరిచేదాకా.

జబ్బుపడ్డవాణ్ణి చూడటానికి రానివాణ్ణి ఆ ఊళ్ళో ఏడు తరాలు తిట్టుకుంటారు. గానుగవాళ్ళు, మసీదులో పక్కన నిలబడేవాళ్ళు, వియ్యాలవారు, అందరూ నారింజలూ పెరుగు డబ్బాలూ పట్టుకుని దిగారు. వాళ్ళందరికీ ముందు తిజానీ అక్క సల్లూహా.

"ఏమే మబ్రూకా, శవాన్ని పెట్టినట్టు గోడవైపు తిప్పావేం? వచ్చినవాళ్ళకి మొహం కనపడొద్దూ?"

"తిప్పుతుండాలన్నారు వదినా."

"మా తమ్ముడేమన్నా పెనం మీద రొట్టా?"

గదంతా నవ్వింది. వాలిపోయిన మూతితోనే తిజానీ కూడా నవ్వాడు. మంచం తలవైపు ఎత్తారు, వెనక దిండ్లు పేర్చారు, కూర్చోబెట్టారు.

కాసేపటికి మబ్రూకా ఆయన చెవి దగ్గర వంగింది. "కొంచెం తిప్పనా?"

చొక్కా గుండీ పెట్టుకోకుండా ఎన్నడూ వీధిలోకి రాని మనిషి. ఇంతమంది ఆడవాళ్ళ ముందు దుప్పటి తీయాలి. "పరువు... తియ్యకు," అన్నాడు ముద్దముద్దగా. "వాళ్ళు... వెళ్ళాక."

వాళ్ళు సాయంత్రం నమాజు పిలుపు వినపడితే గాని లేవలేదు. అప్పటికి ఆయన దిండ్ల మీంచి కాళ్ళవైపుకి జారి ఉన్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

నడుం కింద ఎరుపు తేలింది. నొక్కితే తెల్లబడలేదు. వహీదాని పిలిచేలోపే సల్లూహా దాన్ని పన్నీటితో మర్దనా చేసి, గాలి నింపిన రబ్బరు చక్రం తెచ్చి కింద పెట్టింది. పెద్దావిడ, పైగా నలుగురిలో. మబ్రూకా అడ్డెలా చెబుతుంది? వహీదా వచ్చి చక్రం లాగి పారేసింది. "దీనివల్ల ఉన్న రక్తం కూడా అందదు పిన్నీ! నీకు చెప్పాగా!"

ఆ ఎరుపు నల్లబడింది. జ్వరం వచ్చింది. చచ్చిన కండ కోసి తీస్తే పిడికిలి పట్టేంత గుంట, అడుగున ఎముక.

మర్నాడు మూడింటికి మబ్రూకా తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"తప్పుకో," అంది సల్లూహా, చుట్టాలను వెంటేసుకుని.

"పుండు మానేదాకా ఎవరూ వద్దు వదినా."

"నా తమ్ముణ్ణి చూడ్డానికి నీ సెలవు కావాలా?"

"చూశారుగా. ఎముక బయటపడేదాకా చూశారు."

సల్లూహా నారింజల సంచి నేలకేసి కొట్టింది. "అందరినీ వెళ్ళగొట్టి, కట్టుకున్నవాణ్ణి కుక్కచావు చంపు! ఊరంతా చెప్తాను." చెప్పింది కూడా.

లోపల తిజానీ అంతా విన్నాడు. ఆ పూట బార్లీ జావ పెడితే మొహం తిప్పేసుకున్నాడు. ఒక్కమాట మాత్రం అన్నాడు. "బతికుండగానే... పాతిపెట్టావు."

తర్వాత ఆమెతో మాట్లాడలేదు.

వారాలు గడిచాక గుంట అంచుల్లో గులాబీరంగు కండ పట్టింది. వహీదా సంబరపడి, "నీ చలవే పిన్నీ," అంది. మబ్రూకా తల ఊపింది. తలుపు ఇప్పుడు తీసే ఉంటోంది. అయినా ఎవరూ రావడం లేదు.

మూడయ్యేసరికి తిజానీ ఎడమచేత్తో మంచం కమ్మీ పట్టుకుని గుమ్మం వైపే చూస్తుంటాడు. తిప్పే వేళ అవుతుంది. మబ్రూకా ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, భుజం, తుంటి పట్టుకుని, ఆయన్ని గోడవైపు తిప్పుతుంది.