తొమ్మిది పాయింట్ ఎనిమిది

అత్తాపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే సురయ్యా, శంషాబాద్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తను చదువుకునే రోజుల్లో ల్యాబ్ అంటే ఆమెకు దడ. సీనియర్ల రికార్డు చూసి అంకెలు దింపుకోవడమే తప్ప పరికరాన్ని ముట్టుకున్నది తక్కువ. ఉద్యోగంలో చేరాక చూస్తే తన క్లాసు పిల్లలూ అదే చేస్తున్నారు. లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 9.8 అని ముందే రాసుకుని, దానికి సరిపడే సెకన్లు వెనక నుంచి లెక్క కట్టేవారు.

ఒక మధ్యాహ్నం మామిడిపల్లి నుంచి వచ్చే ఫస్టియర్ అమ్మాయి సంతోషి, కాగితం మీద తను రాసిన అంకెలు తుడిచేస్తూ కనబడింది.

"ఏందమ్మా, ఎందుకు తుడుస్తున్నవ్?"

"విలువ పదిన్నర దాటింది మేడం. తప్పొచ్చింది. పక్క టేబుల్ ఐమన్‌ది చూసి రాసుకుంట."

"ఉండనియ్. ఎందుకు దాటిందో చూద్దాం. మళ్ల చెయ్యి."

సంతోషి లోలకం గుండును పక్కకు లాగి, ఊగులు లెక్కపెట్టడానికి వదులుతూనే "ఒకటి" అంది. ఇంకోసారి చేయబోతూ ఆ పిల్లే ఆగిపోయింది.

"మేడం, అది పోయి రాకముందే ఒకటి అంటున్న. సున్నా అనాలె గదా."

అప్పుడు 9.6 వచ్చింది. 9.8 కన్నా ఎందుకు తగ్గిందని సురయ్యా అడిగితే, లోలకం వేలాడే స్టాండు ఊగుతోందని సంతోషి చూపించింది.

ఆ తర్వాత సురయ్యా రావలసిన విలువను ముందే చెప్పడం మానేసింది. ఎందుకలా వచ్చిందో చెప్పినవాళ్లకే మార్కులు వేసింది. విభాగం పెద్ద గోవర్ధన్ సార్ పరేషాన్ అయ్యాడు.

"బయటినుంచొచ్చే ఎగ్జామినర్ విలువే చూస్తడు మేడం. పిల్లలు నష్టపోతరు."

అన్నట్టే అయింది. పరీక్షలో సంతోషి తనకు వచ్చిన విలువే వేసి, కింద కారణం రాసింది. మార్కులు తగ్గాయి.

"నా వల్లనే గిట్లయింది బిడ్డా," అంది సురయ్యా ఆమెను పిలిచి.

"బాధైతే ఉంది మేడం," అంది సంతోషి. "కానీ నాకొచ్చిందే రాసిన. స్టాండు మీద బరువు పెడితే ఊగదేమో, జర చేసి చూడొచ్చా?"

ఇటుకలు పెట్టి చూశారు. విలువ కొంచెం పెరిగింది. సురయ్యా ఇది చెబితే గోవర్ధన్ వచ్చి స్టాండును ఊపి చూసి వెళ్లాడు. మరుసటి ఏడు మాత్రం, పరీక్షకు రాని రెండు ప్రయోగాలను ఆమె ఇష్టానికి వదిలేశాడు. మిగతావన్నీ పాత పద్ధతే.

కొత్త పిల్లల్లో కొందరు జవాబెంతో చెప్పమని ఇంకా వెంటపడతారు. అడగడం మానినవాళ్లు ఒకరి రీడింగు మీద ఒకరు వాదించుకుంటుంటే, సురయ్యా పక్కనే స్టూలు వేసుకుని వింటుంది.