ధవళేశ్వరంలో గోల్ఫ్ మాస్టారు

పోయిన సోమవారం భీమవరం బ్రాంచిలో పనిలో ఉండగా ధవళేశ్వరం నుంచి ఫోను వచ్చింది. మాస్టారి మేనకోడలు. "మావయ్య పోయారండి. పొద్దున్న టీ ఇద్దామని లేపితే లేవలేదండి," అంది. నా చేతిలో ఒక రొయ్యల రైతు పాస్‌బుక్ ఉంది. దాన్ని ఆయనకిచ్చేసి లేచి నిలబడ్డాను. ఎవరు పోయారని స్టాఫ్ అడిగారు. బంధువు కాదు. "నాకు గోల్ఫ్ నేర్పిన మాస్టారు," అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సాయంత్రం ధవళేశ్వరం చర్చిలో పాస్టర్ గారు ఆయన గురించి మంచి మాటలే చెప్పారు. క్రమం తప్పకుండా ప్రార్థనకు వచ్చేవారని, ఎవరినీ నొప్పించని మనిషని, విశాఖపట్నంలో ఏదో క్లబ్బులో పనిచేసి వచ్చారని. ఆ 'ఏదో' దగ్గర లేచి చెప్పాలనిపించింది. కానీ ఏమని చెప్పను? ముప్పై ఏళ్ళు ఇతరుల గోల్ఫ్ బ్యాగులు మోస్తూ చూసి చూసి, భుజం కదిలిన తీరును బట్టి బంతి ఎటు పోతుందో ముందే చెప్పేవారంటే అక్కడ ఎవరికి అర్థమవుతుంది?

బయటికి వస్తుంటే మేనకోడలు తన ఫోను చూపించింది. రెండు నెలల క్రితం భీమవరం బదిలీ అయ్యాక కూడా నేను డాబా మీద ఆడుతూ వీడియో తీసి ఆ నంబరుకు పంపేదాన్ని. ఆయన చూసి ఫోను చేసి, "కుడి మోచెయ్యి మళ్ళీ ఎగురుతోందండి," అనేవారు. ఆదివారం పంపింది ఇంకా తెరవలేదు. "అలిసిపోయానమ్మా, రేపు చూస్తానన్నారండి," అంది.

మూడేళ్ళ క్రితం హైదరాబాద్ నుంచి ధవళేశ్వరం బ్రాంచికి వచ్చాను. పెళ్ళి చేసుకోలేదు. నలభై దాటాక కొత్త ఊళ్ళో స్నేహాలు కుదరడం కష్టం. బ్యాంకు మూశాక మర్నాడు తెరిచేదాకా నాతో మాట్లాడేవాళ్ళు ఉండేవారు కాదు. హైదరాబాద్‌లో ఆదివారాలు స్నేహితులతో గోల్ఫ్ ఆడేదాన్ని. ఆట అంతంత మాత్రమే. కొట్టిన ప్రతి బంతీ కుడికి వంగి చెట్లలో పడేది. ఇక్కడ మైదానం కూడా లేదు. పొద్దున్నే డాబా ఎక్కి, బంతి లేకుండా ఉత్తి స్టిక్ ఊపుకునేదాన్ని.

అలా నాలుగైదు రోజులయ్యాక, పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న పెద్దాయన పిట్టగోడ దగ్గరికి వచ్చారు.

"ఏమీ అనుకోకండమ్మా. మీ స్టిక్ బయట నుంచి లోపలికి వస్తోందండి. బంతి కుడికి పారిపోతుంది కదండి?"

నేను అసలు బంతే పెట్టలేదు.

"మీరు గోల్ఫ్ ఆడతారాండి?" అన్నాను.

"ఆడ్డం తక్కువండి. చూడ్డం ఎక్కువ."

మర్నాటికి జాలరుల దగ్గర పాత వల సంపాదించి, రెండు మడతలేసి మా దండేనికి కట్టారు. బంతికి అవతలి పక్కన, జానెడు వెనగ్గా, కాయ నుంచి ఒలిచిన కొబ్బరి డొక్క ఒకటి పెట్టారు. స్టిక్ పాత దారినే వస్తే ముందు డొక్కకు తగులుతుంది. తగలకూడదంటే లోపలి నుంచి రావాలి. మొదటి వారమంతా డొక్కలే ఎగిరాయి. తర్వాత కుడి చంకలో మడతపెట్టిన తువ్వాలు ఇరికించి, అది జారిపోకుండా సగం ఊపే ఊపమన్నారు. నెల రోజులు అదే పని. "చేతులకి తొందరెక్కువండి. నడుం బయల్దేరాక చేతులు రావాలి, పెద్దవాళ్ళ వెనక పిల్లలు నడిచినట్టు," అనేవారు. ఒకరోజు విసుగొచ్చి బలమంతా పెట్టి బాదాను. "బంతి మీద కోపమెందుకండి? పాపం, అది మీరు చూపించిన దారినే పోతుంది," అన్నారు. పని అయ్యాక పాత బ్రష్షుతో స్టిక్ మొన కడిగి, తుడిచి, అప్పుడు గానీ టీ ముట్టేవారు కాదు. టీ అప్పటికి పూర్తిగా చల్లారిపోయేది.

వలలో పడే బంతి ఎటు వెళ్ళేదో కంటికి తెలియదు. ఆయన కళ్ళు మూసుకుని దెబ్బ చప్పుడు వినేవారు. "ఇది కాదండి." "ఇదీ కాదండి." నాలుగు నెలలకు ఒక ఉదయం కళ్ళు తెరిచి, "ఇదండి," అన్నారు. ఆ రోజంతా బ్యాంకులో ఎవరికైనా చెప్పాలని ఆరాటపడ్డాను. చెప్పడానికి ఎవరూ కనబడలేదు. సాయంత్రం మళ్ళీ ఆయనకే చెప్పాను. కొత్తగా విన్నట్టే విన్నారు. "వైజాగ్ వదిలాక ఈ మాటలు మాట్లాడ్డానికి నాకూ ఎవరూ లేరండి. మర్చిపోయాననుకున్నా," అన్నారు.

భీమవరం బదిలీ కాగితం వచ్చిన వారం ఆయన్ని విశాఖపట్నం తీసుకెళ్ళాను. ఆయన ఒకప్పుడు పనిచేసిన మైదానమే. అక్కడ సభ్యురాలైన స్నేహితురాలు మా ఇద్దరి పేర్లూ రాయించింది.

"నాకెందుకండి? బ్యాగు పట్టుకుని వెనకాల వస్తాను."

"బ్యాగు నేను మోస్తాను మాస్టారూ. మీరు ఆడండి."

తన పేరున్న స్కోరు కార్డును చాలాసేపు చూసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. నా మొదటి బంతి తిన్నగా వెళ్ళి పచ్చిక నడుమ పడింది. "ఇంక మీకు నాతో పని లేదండి," అన్నారు నవ్వుతూ. నాకు ఆ మాట నచ్చలేదు. ఆయన ఊపు చిన్నది, తొందర లేనిది. బంతి ఎక్కువ దూరం పోలేదు గానీ గీత గీసినట్టు వెళ్ళింది. నాలుగు గుంటలు పూర్తయ్యేసరికి మోకాలు మొరాయించింది. "చాలండి. మీరు ఆడి రండి, ఇక్కడ కూర్చుంటా," అన్నారు.

కొంత దూరం వెళ్ళి వెనక్కి చూశాను. ఆయన కూర్చోలేదు. ఎవరెవరి దెబ్బలకో లేచిపోయిన గడ్డి పెళ్ళలను ఒక్కొక్కటే ఏరి, వాటి చోట్లో పెట్టి, పాదంతో మెల్లగా అదుముతున్నారు. అంత పచ్చిక మీద ఆయన ఒక్కరే. నేను ఆగడం చూసి, ఆడండి అన్నట్టు చెయ్యి ఊపి, మళ్ళీ కిందికి వంగారు.