శుక్రవారం నేను చెప్పిన ప్రార్థన మనవి

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు అనేవారు. నాకు భలే కోపమొచ్చేది. ఆ శుక్రవారం మాత్రం, నిజంగా చెప్తున్నా, నేను చేస్తోంది ప్రార్థనే అనుకున్నాను.

ఉయ్యూరులో మా చర్చి ఆడవాళ్ళం శుక్రవారం మధ్యాహ్నాలు కూడుకుంటాం. మోకరించే ముందు ఒక్కొక్కరం మనవి చెప్పాలి. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి కొడుకు ఉద్యోగం. పక్కింటి వదిన ఆ వారం రాలేదు. ముందురోజే నా దగ్గర కూర్చుని ఏడ్చింది పాపం. నా వంతు రాగానే, వాళ్ళమ్మాయి మొగుణ్ణి వదిలి వచ్చేసిందనీ, ఆ ఇంట్లో శాంతి సమాధానాల కోసం ప్రార్థించమనీ చెప్పేశాను. చెప్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

ఆదివారానికల్లా ఆ సంగతి వాట్సాప్‌లో మా చర్చి అంతా తిరిగింది. ఆ రోజు వదిన చర్చికి రాలేదు.

సోమవారం పాస్టరమ్మగారు మా ఇంటికొచ్చారు. నేను గోరుచిక్కుడు ఈనెలు తీస్తుంటే తనూ గుప్పెడు తీసుకుని కూర్చున్నారు. "ఆవిణ్ణి అడిగే చెప్పారా అండీ?" అన్నారు మెల్లగా.

"ప్రార్థనే కదండీ! కొండేలు చెప్పానా?"

"దేవుడికి చెప్పడానికి ఇంతమంది ఎందుకండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరూ అందరి గురించీ చెప్పేదే, నేనొక్కదాన్నే దొరికానా అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "మీరంటే ప్రేమ కాబట్టి వచ్చాను. లేకపోతే నాకెందుకులే అని ఊరుకునేదాన్ని" అని నా చెయ్యి పట్టుకున్నారు. తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు అనేసేదాన్ని.

ఆవిడ వెళ్ళాక నాకేమీ తోచలేదు. నా ఏడుపు అబద్ధం కాదే! కానీ అందరూ దగ్గరికి జరిగి "అయ్యో, తర్వాత?" అంటుంటే నాకు బాగానే ఉంది. అదీ నిజమే. ఈ రెండూ నాలో ఎలా కలిసున్నాయో ఇప్పటికీ అంతుపట్టదు.

సాయంత్రం వదిన గుమ్మం ముందు నిలబడి, "తప్పయిపోయింది వదినా, క్షమించు" అన్నాను. తలుపు సగం తీసి, "సరేలే, క్షమించాను" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "వచ్చే ఆదివారం చర్చిలో అందరూ సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి, నీ విషయంలో తప్పు చేశానని అందరి ముందూ ఒప్పుకుంటా" అన్నాను. మా చర్చిలో తప్పు దిద్దుకోవడమంటే అదే మరి.

ఆమె ముఖం పాలిపోయింది. "మళ్ళీనా? నీకు దండం పెడతా వదినా, ఊరుకో. అమ్మాయి లోపలే ఉంది, వింటుంది" అంటూ తలుపేసేసింది.