గేర్లో వదిలిన బండి

నలభై నాలుగేళ్లుగా ఎవరినీ ముట్టనివ్వని ట్రాక్టర్ మీది తార్పాలిన్‌ను నఛత్తర్ సింగ్ డెబ్బై ఎనిమిదో ఏట తన చేత్తోనే లాగేశాడు. పంజాబ్‌లో బర్నాలా దగ్గరి ఆ ఊళ్లో అది చిన్న వార్త కాదు. దాని కిందే అతని తమ్ముడు జగ్గర్ సింగ్ పోయాడు. అప్పటి నుంచి అది బర్రెల కొట్టం వెనక పడి ఉంది. పాత ఇనుము కొనేవాళ్లు అడిగినప్పుడల్లా నఛత్తర్ కర్ర పుచ్చుకుని లేచేవాడు.

ఇప్పుడు లాగించింది మనవరాలు హర్లీన్. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన ఇరవై ఒక్కేళ్ల పిల్ల. ఆ తరగతిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. చుట్టుపక్కల ఏ షెడ్డువాడూ పనిలో పెట్టుకోలేదు. "ఇంజను విప్పడమంటే పెనం మీద రొట్టె తిప్పడమనుకున్నావా?" అని నవ్వి పంపారు.

"బాపూ, దీన్ని నాకియ్యి. నడిపించి చూపిస్తా. అప్పుడు నవ్వమను వాళ్లని" అంటూ మూడు నెలలు తాత ప్రాణం తోడేసింది.

"సరే పుత్తర్. కానీ నేను పక్కన లేకుండా దాని మీద పానా కూడా పెట్టకూడదు" అన్నాడు చివరికి.

జూన్ ఎండలో పని మొదలైంది. ఇంజను బిగుసుకుపోయింది. సిలిండర్లలో కిరసనాయిలూ డీజిలూ కలిపి పోసి తొమ్మిది రోజులు నాననిచ్చి, గడ్డపారతో ఇంజను చక్రం కొద్దికొద్దిగా కదిపారు. టాంకులో గులకరాళ్లు వేసి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఊపుతుంటే తుప్పు ఎర్రటి బురదై కారింది. పొగగొట్టంలో కందిరీగలు గూడు కట్టుకుని ఉన్నాయి. హర్లీన్ చెవి రెండు రోజులు పూరీలా ఉబ్బింది.

ముసలాయనకు పని బాగా తెలుసు. కానీ అతని పక్కన పని చేయడం నిప్పుల మీద కూర్చున్నట్టే ఉండేది. సుత్తి చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. వెనక చక్రం ముందు ఆమె నిలబడితే "అక్కణ్ణుంచి లే!" అని గద్దించేవాడు. రోజూ వస్తూనే పైకెక్కి గేరు రాడ్డు అటూ ఇటూ ఊపి చూసిగాని కిందికి దిగేవాడు కాదు.

"ఇంజనే తిరగని బండికి గేరెందుకు బాపూ చూడ్డం?"

"నోరు మూసుకుని నట్టు తిప్పు."

చిన్న తాత ఎలా పోయాడో ఆమెకు తెలుసు, ఊరందరికీ తెలుసు. రాత్రి బండిని గేర్లో వదిలేసి, పొద్దున ఆ సంగతి మరిచిపోయి, నేల మీద నిలబడే స్టార్ట్ చేశాడు. తన అజాగ్రత్తే తన్ను తినేసింది. అందరూ అలాగే చెప్పుకునేవారు.

ఆగస్టులో ఇంజను సిద్ధమైంది. ఒకరోజు సాయంత్రం నలుగురిని పిలిచి బండిని వాకిట్లోకి తోయించారు. మర్నాడు పొద్దున తాత డీజిల్ తేవడానికి బయల్దేరగానే హర్లీన్ ఆగలేకపోయింది. స్విచ్చి వైర్లు ఎలుకలు కొరికేశాయి. అయితేనేం, డీజిల్ లేకున్నా కొత్త బ్యాటరీ ఉంది, స్క్రూడ్రైవర్‌తో స్టార్టర్ మీది రెండు టెర్మినళ్లూ కలిపితే చాలు, ఇంజను తిరుగుతుందా లేదా తెలిసిపోతుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య నేల మీద నిలబడి ఆనించింది.

బండి ముందుకు దూకింది.

డబ్బా పట్టుకుని గేటు దాకా వెళ్లిన నఛత్తర్ అరవలేదు. అరిచే వ్యవధి లేదు. పరుగున వచ్చి ఆమె జడ పట్టి ఈడ్చాడు. ఇద్దరూ పేడకుప్ప మీద పడ్డారు. ఆమె నిలబడ్డ చోటు మీదుగా వెనక చక్రం దొర్లి, తొట్టికి కొట్టుకుని ఆగింది.

ముసలాయన లేచి మనవరాలి చెంప ఛెళ్లుమనిపించాడు. పుట్టాక ఆమె మీద చెయ్యెత్తడం అదే మొదలు.

"గేర్లో వదిలావా?"

"వాకిలి వాలుగా ఉంది కదా... బండి దొర్లిపోతుందని నిన్న రాత్రి..." అంది హర్లీన్.

"నేనూ అందుకే వదిలాను" అన్నాడు నఛత్తర్.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అతను పేడలోనే చతికిలబడి, తలపాగా ఊడిపోతున్నా పట్టించుకోకుండా చెప్పాడు. ఆ రాత్రి బండి పెట్టింది జగ్గర్ కాదు, తనే. తమ్ముడికి చెప్పడం మరిచిపోయాడు. శవం చుట్టూ జనం మూగినప్పుడు మరదలు దలీప్ కౌర్ అడిగింది, "రాత్రి బండి ఎవరు పెట్టారు?" అని. "వాడే" అన్నాడు. ఆ ఒక్క మాటే.

"చిన్న బేబేకి చెప్పు" అంది హర్లీన్, గోడ అవతలి దలీప్ కౌర్ ఇంటి వైపు చూపిస్తూ.

"ఈ వయసులోనా?"

"నువ్వు చెప్పేదాకా నేను పానా ముట్టను."

నాలుగు రోజులు బండి తొట్టి దగ్గరే నిలిచిపోయింది. ఐదో రోజు మధ్యాహ్నం అతను తమ్ముడి వాకిట్లోకి వెళ్లాడు. వెనకే హర్లీన్ వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. దలీప్ కౌర్ పప్పులో రాళ్లు ఏరుతోంది. తండ్రి పోయేనాటికి రెండేళ్లవాడైన కొడుకు బూటా సింగ్ మంచం మీద నడుం వాల్చాడు. నఛత్తర్ జోళ్లు విప్పి, ఎండలో నిలబడే అంతా చెప్పాడు.

చేట మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి. చేట పక్కన పెట్టింది.

"భాయీజీ, నలభై నాలుగేళ్లు నేను చచ్చినవాణ్ణి తిట్టాను. గ్లాసు పగిలినా సరే, నీ అయ్యలా ఒళ్లు మరిచి తిరక్కురా అని వీణ్ణి తిట్టాను. ఆ తిట్లన్నీ మీవి. గోడ అవతల మీకు వినపడుతూనే ఉండేవి కదా?"

"వినపడేవి."

"వెళ్లండి."

బూటా సింగ్ లేచి కూర్చున్నాడు. కానీ పెదనాన్నను ఆపలేదు, సాగనంపలేదు.

నఛత్తర్ ఇంటికొచ్చి రెండు రోజులు రొట్టె ముట్టలేదు. మూడో రోజు పొద్దున హర్లీన్ చేతికి పానా ఇచ్చి, "కానియ్యి" అన్నాడు. ఎలుకలు కొరికిన వైర్లన్నీ మార్చాక, సెప్టెంబర్ ఆఖర్లో ఇంజను రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి అందుకుంది. నవ్వినవాళ్లే చూడ్డానికొచ్చారు. ఒక షెడ్డు యజమాని సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు. గోడ అవతలి నుంచి మాత్రం ఎవరూ తొంగి చూడలేదు.

గోధుమ విత్తే రోజుల్లో బూటా సింగ్ ట్రాక్టర్ క్లచ్ పోయింది. అదును దాటిపోతోంది. ఒక పొద్దున దలీప్ కౌరే గోడ దగ్గరికొచ్చి, "పిల్లా! నీ బండి మా చేలో నడుస్తుందా?" అని హర్లీన్‌ని అడిగింది. నఛత్తర్ వైపు చూడలేదు.

రోజంతా హర్లీన్ నడిపింది. ముసలాయన గట్టు మీద నిలబడే ఉన్నాడు, ఎవరూ రమ్మనకపోయినా. మూడింటికి దలీప్ కౌర్ టీ కెటిల్ తెచ్చి కొడుక్కీ హర్లీన్‌కీ పోసింది. కెటిల్లో ఇంకా టీ ఉంది. కాసేపు దాన్ని పట్టుకునే నిలబడింది.

"గట్టు మీద దిష్టిబొమ్మలా ఎంతసేపు నిలబడతారు? నేను మోసుకొచ్చి ఇవ్వను. కావాలంటే వచ్చి తాగండి" అంది.

నఛత్తర్ దున్నిన చాళ్లలో కాళ్లు కూరుకుపోతుంటే మెల్లగా నడిచి వచ్చాడు. ఆమె టీ పోసి గ్లాసు చేతికివ్వలేదు, నేల మీద పెట్టింది. అతను వంగి తీసుకున్నాడు.

వాళ్లిద్దరూ మళ్లీ మనసు విప్పి మాట్లాడుకున్నారా అంటే, హర్లీన్ ఎరిగినంతలో లేదు. కానీ దలీప్ కౌర్ ఇంట్లో జగ్గర్ సింగ్‌ను ఎవరూ మళ్లీ అజాగ్రత్త మనిషి అనలేదు.